ఆల్సా ధ్వని డ్రైవర్లలో ప్రతిష్టంభన లోపాలు

లినక్స్ కెర్నెల్‌లో ధ్వనికి సంబంధించిన భాగాన్ని ఆల్సా అంటారు. ఈ భాగంలో ఒక పని మరొక పని కోసం, లేదా తన కోసం తానే, ఎన్నటికీ తీరని నిరీక్షణలో చిక్కుకుపోయే పొరపాట్లను ఆల్సా ప్రతిష్టంభన లోపాలు అని చెప్పవచ్చును. వీటిలో భద్రతా లోపాలుగా నమోదైన వాటిలో ముఖ్యమైనవి రెండు: 2016లో బయటపడిన సీవీఈ-2016-2549, 2018లో బయటపడిన సీవీఈ-2018-1000004. మొదటిది ధ్వని టైమరుకు, రెండవది సంగీత సంకేతాలను వరుసగా పంపే సీక్వెన్సరుకు సంబంధించినవి. సాధారణ అధికారాలు మాత్రమే ఉన్న వాడుకరి కూడా వీటి ద్వారా యంత్రంలో కొంత భాగాన్ని గాని, కొన్ని సందర్భాలలో మొత్తం యంత్రాన్ని గాని స్తంభింపజేయగలడు. ఈ రెండు లోపాలనూ ఆయా సంవత్సరాలలోనే సరిదిద్దారు.

ప్రతిష్టంభన అంటే

కంప్యూటరు శాస్త్రంలో డెడ్‌లాక్ అనే మాటకు తెలుగులో ప్రతిష్టంభన అని వాడుతున్నారు. ఇద్దరు ఒకరి చేతిలోని వస్తువు కోసం మరొకరు ఎదురుచూస్తూ, తమ చేతిలోనిది మాత్రం వదలకుండా ఉంటే ఇద్దరి పనీ ముందుకు సాగదు. దీనిని అర్థం చేసుకోవడానికి సింగిల్ లైను రైలు మార్గం మంచి ఉదాహరణ.

నల్గొండ, మిర్యాలగూడల మీదుగా పోయే బీబీనగర్ - నడికుడి మార్గాన్ని సింగిల్ లైనుగా నిర్మించారు. సికింద్రాబాదు నుండి జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మీదుగా డోన్ వైపు పోయే మార్గం కూడా చాలా కాలం సింగిల్ లైనుగానే నడిచింది. ఇటువంటి మార్గంలో ఎదురెదురుగా వచ్చే బండ్లు స్టేషనులోనే ఒకదానినొకటి దాటాలి. రెండు స్టేషన్ల మధ్య ఒకే సమయంలో ఒకే బండి ఉండేలా చూడటానికి భారతీయ రైల్వేలు చాలా చోట్ల ఇనుప బంతి టోకెన్లను వాడాయి. బంతి చేతికి అందనిదే డ్రైవరు బండిని ముందుకు నడపరాదు. ఈ బంతి చేసే పనినే కెర్నెల్‌లో తాళం చేస్తుంది. సెమాఫోర్ అనే మాటను కంప్యూటరు శాస్త్రంలోకి తెచ్చిన డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా దానిని రైలు సిగ్నళ్ళ నుండే తీసుకున్నాడు.

ఇప్పుడు పక్కపక్కనున్న రెండు స్టేషన్లలో ఉన్న పట్టాలన్నీ బండ్లతో నిండిపోయాయనుకుందాం. మొదటి స్టేషనులోని బండ్లన్నీ రెండవ దానికి, రెండవ దానిలోనివన్నీ మొదటి దానికి పోవలసి ఉన్నది. బంతి నియమాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు, ఢీకొనే ప్రమాదమూ లేదు. అయినా ఏ బండీ కదలలేదు. ప్రమాదాన్ని నివారించడానికి పెట్టిన నియమమే రాకపోకలను నిలిపివేసింది. రైల్వేలో కంట్రోలరు అనే మనిషి ముందుచూపుతో ఒక బండిని వెనుక స్టేషనులోనే ఆపి ఈ స్థితి రాకుండా చూస్తాడు. కెర్నెల్‌లో అటువంటి కంట్రోలరు లేడు. ఆ ముందుచూపు ప్రోగ్రాము వ్రాసేవారికే ఉండాలి.

1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీ అనే ముగ్గురు ప్రతిష్టంభన ఏర్పడటానికి నాలుగు షరతులు కలిసి రావాలని చూపారు. వనరును ఒక సమయంలో ఒక్కరే వాడగలగడం, చేతిలోనిది పట్టుకొని మరొక దాని కోసం ఎదురుచూడటం, పట్టుకున్న దానిని బలవంతంగా లాక్కోవడానికి వీలు లేకపోవడం, ఎదురుచూపులు ఒక వలయంగా మారడం. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ప్రతిష్టంభన ఉండదు. ఆ వలయంలో కనీసం ఇద్దరు ఉండాలని అనుకోవడం సహజమే గాని, అది నిజం కాదు. ఒక్కరితో కూడా వలయం పూర్తి కావచ్చు. 2016 నాటి లోపం సరిగ్గా అటువంటిదే.

ఆల్సా నిర్మాణం

ఆల్సాను చెక్ దేశస్థుడు యారోస్లావ్ కిసెలా 1990ల చివరిలో ప్రారంభించాడు. అప్పటి వరకు లినక్స్‌లో ఓఎస్‌ఎస్ అనే ధ్వని వ్యవస్థ ఉండేది. 2002లో ఆల్సా కెర్నెల్ అభివృద్ధి శాఖలో చేరి, 2003 డిసెంబరులో విడుదలైన 2.6 వెర్షనుతో సాధారణ వాడుకలోకి వచ్చింది. చాలా కాలంగా దీని నిర్వహణ బాధ్యతను ప్రధానంగా తకాషి ఇవాయ్ చూస్తున్నాడు. ఈ వ్యాసంలో పేర్కొన్న దిద్దుబాట్లు చాలావరకు ఆయన చేతి మీదుగా వచ్చినవే.

ధ్వని డ్రైవరు పని పైకి చిన్నదిగా కనిపించినా, దానిలో తాళాల అవసరం ఎక్కువ. పాట వినిపించే ప్రోగ్రాము ఒక వైపు నుండి ధ్వని నమూనాలను మెమొరీలో నింపుతూ ఉంటుంది. సౌండ్ కార్డు మరొక వైపు నుండి వాటిని ఖాళీ చేస్తూ, ప్రతి కొంత భాగం పూర్తికాగానే ఇంటరప్ట్ ద్వారా ప్రాసెసరును పిలుస్తుంది. ఈ మధ్యలో వాడుకరి పాటను ఆపవచ్చు, శబ్దం తగ్గించవచ్చు, హెడ్‌ఫోను ఊడదీయవచ్చు. ఇవన్నీ ఒకే సమాచారాన్ని వేర్వేరు దిక్కుల నుండి తాకుతాయి. పైగా ఆలస్యం కొన్ని మిల్లీసెకన్లు మించితే చెవికి తెలిసిపోతుంది. అందువలన తాళం వేయక తప్పదు, వేసిన తాళాన్ని ఎక్కువ సేపు ఉంచడానికీ వీలు లేదు.

ఆల్సాలో మూడు ముఖ్య భాగాలు ఈ వ్యాసానికి సంబంధించినవి. ధ్వని నమూనాలను తీసుకుపోయే పీసీఎం, కాలాన్ని లెక్కించే టైమరు, కీబోర్డు వంటి సంగీత వాద్యాల మిడి సంకేతాలను వరుసలో పెట్టి పంపే సీక్వెన్సరు. టైమరు, సీక్వెన్సరు రెండూ నిజానికి సౌండ్ కార్డు లేకుండానే పనిచేయగల సాఫ్ట్‌వేరు భాగాలు.

2016: తనను తానే ఎదురుచూసిన టైమరు

లినక్స్‌లో అతి సూక్ష్మమైన కాలాన్ని లెక్కించే హెచ్‌ఆర్‌టైమర్ అనే సదుపాయం ఉన్నది. నిర్ణీత సమయం రాగానే అది ముందుగా అప్పగించిన ఒక ఫంక్షనును పిలుస్తుంది. దీనిని కాల్‌బ్యాక్ అంటారు. టైమరును రద్దు చేయడానికి రెండు మార్గాలు కలవు. ఒకటి, కాల్‌బ్యాక్ నడుస్తూ ఉంటే అది పూర్తయ్యే వరకు వేచి ఉండి రద్దు చేయడం. రెండవది, వీలైతే రద్దు చేసి, వీలుకాకపోతే వెంటనే తిరిగి రావడం.

ఆల్సా టైమరు డ్రైవరు మొదటి మార్గాన్ని వాడింది. అది కాల్‌బ్యాక్ బయట నుండి పిలిచినంత కాలం సరైనదే. అయితే ఆల్సా టైమరు తన గడువు తీరినప్పుడు, ఆ కాల్‌బ్యాక్‌లో నుండే, తనను తాను మళ్ళీ ప్రారంభించుకునే సందర్భాలు ఉన్నాయి. ప్రారంభించే ముందు పాత గడువును రద్దు చేయాలి. రద్దు కావాలంటే కాల్‌బ్యాక్ పూర్తికావాలి. కాల్‌బ్యాక్ పూర్తికావాలంటే ఈ రద్దు ముగియాలి. ఇంట్లో కూర్చున్న మనిషి, తాను బయటికి వెళ్ళిన తరువాతనే కుర్చీలో నుండి లేస్తానని పట్టుపట్టినట్లు ఉంటుంది ఈ స్థితి.

ఇది ఇంటరప్ట్ సందర్భంలో జరుగుతుంది కనుక ఫలితం మరింత తీవ్రం. సాధారణ ప్రోగ్రాము ఎదురుచూస్తున్నప్పుడు ప్రాసెసరు వేరే పనికి మళ్ళుతుంది. ఇక్కడ ఆ ప్రాసెసరు కోరే తిరుగుడులో పడి, వేరే ఏ పనికీ దొరకదు. ఒకే కోరు ఉన్న యంత్రమైతే మౌసు కూడా కదలదు. ఎక్కువ కోరులు ఉన్నా, ఆ కోరు నుండి సమాధానం రావలసిన ఇతర పనులు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి.

ఈ లోపం కొత్తదేమీ కాదు. ఇదే డ్రైవరులో ఇదే విధమైన స్తంభన అంతకు ముందే ఒకసారి కనబడింది, ఒక దిద్దుబాటు కూడా జరిగింది. ఆ దిద్దుబాటు ఒక దారిని మూసింది గాని, టైమరు తనను తాను తిరిగి ప్రారంభించుకునే దారి తెరిచే ఉన్నది. దానిని బయటపెట్టినది మనిషి కాదు, సిజ్‌కాలర్ అనే పరీక్షా సాధనం. గూగుల్‌లో పనిచేసే దిమిత్రీ వ్యుకోవ్ రూపొందించిన ఈ సాధనం కెర్నెల్‌కు యాదృచ్ఛికమైన ఆదేశాలను, అర్థం ఉన్నవీ లేనివీ కలిపి, లక్షల సంఖ్యలో పంపుతూ అది ఎక్కడ కూలుతుందో చూస్తుంది. 2016 ఆరంభంలో ఆల్సా టైమరు, సీక్వెన్సరు భాగాలలో ఇది వరుసగా అనేక లోపాలను బయటపెట్టింది. సీవీఈ-2016-2543 నుండి 2549 వరకు గల సంఖ్యలన్నీ ఆల్సాకు చెందినవే.

దిద్దుబాటు చిన్నది. ప్రారంభించేటప్పుడు, ఆపేటప్పుడు వేచి ఉండే రద్దుకు బదులు, వీలైతేనే చేసే రద్దును పెట్టారు. టైమరును పూర్తిగా మూసివేసేటప్పుడు మాత్రం వేచి ఉండే రద్దునే ఉంచారు. అప్పటికి కాల్‌బ్యాక్ లోపల ఉండే అవకాశం లేదు. ఈ మార్పు లినక్స్ 4.4.1 వెర్షనులో చేరింది.

2016 ఫిబ్రవరి: పాఠకుల గది చిక్కు

దీనికి సీవీఈ సంఖ్య లేకున్నా, ప్రతిష్టంభన ఎంత తెలియకుండా దూరుతుందో చూపే ఉదాహరణ గనుక ఇక్కడ చెప్పుకోదగినది.

పీసీఎం భాగంలో రెండు ధ్వని ప్రవాహాలను జంటగా కలిపి, ఒకే క్షణంలో ప్రారంభించే వీలు ఉన్నది. ఈ జంటల పట్టికను కాపాడటానికి పాఠక-లేఖక తాళాన్ని వాడారు. పట్టికను చదివేవారు ఎందరైనా ఒకేసారి లోపల ఉండవచ్చు. మార్చేవాడు మాత్రం ఒంటరిగానే ఉండాలి. 2014లో, నిద్రపోవడానికి వీలున్న కొత్త తరహా ప్రవాహాలను ఆల్సాలో ప్రవేశపెట్టారు. వీటిలో ఒకే పని ఈ చదివే తాళాన్ని రెండుసార్లు తీసుకునే మార్గం ఒకటి ఏర్పడింది. చదివేవారు ఎందరైనా ఉండవచ్చు గనుక ఒకడే రెండుసార్లు తీసుకున్నా నష్టం లేదనే అనిపిస్తుంది.

గ్రంథాలయంలో చదువుకునే గదిని ఊహించండి. ఒక పాఠకుడు లోపల ఉన్నాడు. గదిని ఊడ్చేవాడు వచ్చి, గది ఖాళీ అయ్యే వరకు గుమ్మం దగ్గర వరుసలో నిలబడ్డాడు. వరుస క్రమం తప్పరాదని నియమం. లోపలి పాఠకుడికి రెండవ చీటీ కావలసి వచ్చి వరుసలో నిలబడ్డాడు, ఊడ్చేవాని వెనుక. ఊడ్చేవాడు పాఠకుడు వెళ్ళిపోవాలని చూస్తున్నాడు, పాఠకుడు ఊడ్చేవాని వంతు పూర్తికావాలని చూస్తున్నాడు. న్యాయంగా వరుస పాటించడమే ఇక్కడ చిక్కుకు మూలం.

ఇవాయ్ చేసిన పరిష్కారం అందమైనది కాదు. తాత్కాలిక ఉపాయమని ఆయనే ప్యాచ్ వివరణలో ఒప్పుకున్నాడు. మార్చేవాడు వరుసలో నిలబడకుండా, తలుపు తీసి ఉన్నదేమో మళ్ళీ మళ్ళీ వచ్చి చూసి పోయేలా చేశారు. పట్టికను మార్చే సందర్భాలు అరుదు గనుక దీని వలన పెద్ద నష్టం లేదు. 2019లో ఈ తాళాల ఏర్పాటునే తిరగరాసి, అన్ని ప్రవాహాలకూ ఉమ్మడిగా ఉన్న తాళం స్థానంలో ఒక్కొక్క జంటకు వేర్వేరు తాళాలు పెట్టారు.

2018: తాళం లేకపోవడం వలన ప్రతిష్టంభన

సీవీఈ-2018-1000004 కథ దీనికి తలక్రిందులు. ఇక్కడ తాళం ఎక్కువై కాదు, లేకపోవడం వలన ప్రతిష్టంభన వచ్చింది.

సీక్వెన్సరును వాడే ప్రతి ప్రోగ్రాముకు కెర్నెల్ ఒక సంకేతాల నిల్వను కేటాయిస్తుంది. దీనిని పూల్ అంటారు. పూల్‌లో నిర్ణీత సంఖ్యలో అరలు ఉంటాయి. ప్రోగ్రాము ఒక సంకేతాన్ని వ్రాసినప్పుడు ఒక అర తీసుకోబడుతుంది. సంకేతం గమ్యం చేరగానే అర తిరిగి పూల్‌కు వస్తుంది. పూల్ పరిమాణాన్ని మార్చమని ప్రోగ్రాము ఒక ఐఓసీటీఎల్ ఆదేశం ద్వారా కోరవచ్చు. అప్పుడు కెర్నెల్ పాత పూల్‌ను మూసి, బయట ఉన్న అరలన్నీ తిరిగి వచ్చే వరకు వేచి ఉండి, ఆ తరువాత మెమొరీని విడుదల చేస్తుంది.

ఈ నిరీక్షణకు ఒకప్పుడు 5 సెకన్ల గడువు ఉండేది. గడువు దాటితే అరలు రాకపోయినా మెమొరీని విడుదల చేసేవారు. అది ప్రమాదకరం. బయట ఉన్న అరను ఆ తరువాత ఎవరైనా తాకితే, అప్పటికే వేరొకరికి ఇచ్చేసిన మెమొరీని తాకినట్లవుతుంది. సిజ్‌కాలర్ ఈ దారిని కూడా పట్టుకొన్నది. అందువలన 2017లో గడువును పూర్తిగా తొలగించారు. అరలన్నీ వచ్చేదాకా వేచి ఉండటం తప్ప వేరే దారి లేదు. మెమొరీ భద్రత దృష్ట్యా ఇది సరైన నిర్ణయమే. కాని గడువు లేని నిరీక్షణలో, రావలసినది రాకపోతే ఆ ఎదురుచూపుకు అంతమే ఉండదు.

సీక్వెన్సరు ఐఓసీటీఎల్ ఆదేశాలకు ఒకదానికొకటి అడ్డురాకుండా చూసే తాళం ఏదీ లేదు. ఒకే ప్రోగ్రాములోని ఒక త్రెడ్ పూల్‌ను మార్చమంటూ ఉండగా, మరొక త్రెడ్ అదే పూల్‌లోకి సంకేతాలు వ్రాస్తూ ఉంటే లెక్కలు తారుమారు అవుతాయి. కాలం కలిసి వచ్చే తీరును బట్టి ఫలితం రెండు విధాలు. విడుదలైన మెమొరీని వాడటం ఒకటి, చంపడానికి కూడా వీలుకాని ప్రతిష్టంభన మరొకటి. గడువు తొలగింపే దీనికి ఏకైక కారణమని చెప్పడానికి వీలు లేదు. సీవీఈ వివరణలో 4.12తో పాటు 3.10, 2.6 వెర్షన్లు కూడా పేర్కొనబడ్డాయి. మూల లోపం, అంటే తాళం లేకపోవడం, చాలా పాతది.

2018 జనవరిలో వచ్చిన దిద్దుబాటు ప్రతి సీక్వెన్సరు ఖాతాకు ఒక మ్యూటెక్స్ తాళాన్ని చేర్చింది. ఒక ఆదేశం నడుస్తుండగా అదే ఖాతా మీద మరొక ఆదేశం నడవదు. ఈ పరిష్కారం కొంచెం పెద్ద సుత్తి దెబ్బ వంటిదని ప్యాచ్ వివరణలోనే వ్రాశారు. అయినా అది చాలలేదు. వ్రాసే పని ఈ తాళం పరిధిలోకి రాలేదు. అదే పూల్ ఆదేశంతో ముడిపడిన బఫర్ ఓవర్‌ఫ్లో లోపం సీవీఈ-2018-7566గా నమోదైంది. ఫిబ్రవరిలో పూల్‌ను మొదటిసారి సిద్ధం చేసే పనిని, మార్చిలో వ్రాసే పని మొత్తాన్ని ఆ తాళం కిందికి తెచ్చారు.

మార్చి నాటి ప్యాచ్‌లో ఒక సూక్ష్మం ఉన్నది. పూల్ నిండిపోతే వ్రాసే త్రెడ్, అర ఖాళీ అయ్యే వరకు నిద్రపోతుంది. తాళం చేతిలో ఉంచుకొని నిద్రపోతే, ఆ ఖాతాకు వచ్చే ఇతర ఆదేశాలన్నీ దాని వెనుక ఆగిపోతాయి. ఒక ప్రతిష్టంభనను తీయబోయి మరొకటి తెచ్చుకున్నట్లవుతుంది. అందుచేత నిద్రలోకి జారే ముందు తాళాన్ని వదిలి, మేల్కొన్న తరువాత మళ్ళీ తీసుకునే ఏర్పాటు చేశారు. ఇందుకోసం లోపలి ఫంక్షన్లకు ఆ తాళాన్ని కూడా అందించవలసి వచ్చింది.

వాడుకరులపై ప్రభావం

ఈ లోపాలను వాడుకోవడానికి దాడి చేసేవాడు యంత్రంలో ఏదో ఒక ప్రోగ్రామును నడపగలిగి ఉండాలి, ధ్వని పరికరాల ఫైళ్ళను తెరిచే అనుమతి ఉండాలి. చాలా డిస్ట్రిబ్యూషన్లలో ఈ అనుమతి ఆడియో అనే గుంపులోని వారికి, యంత్రం ముందు కూర్చొని లాగిన్ అయిన వారికి లభిస్తుంది. సొంత కంప్యూటరులో తన యంత్రాన్ని తానే స్తంభింపజేసుకునేవాడు ఉండడు గనుక అక్కడ ప్రమాదం తక్కువ. కళాశాల ప్రయోగశాలలు, గ్రంథాలయాల వంటి చోట్ల ఒకే యంత్రాన్ని పలువురు వాడతారు. అక్కడ ఒకరు చేసిన పని మరొకరి పనిని చెడగొట్టగలదు. సౌండ్ కార్డు లేదు గనుక భయం లేదనుకోవడం కూడా పొరపాటే. సీక్వెన్సరు ఫైలును తెరిచిన మరుక్షణం ఆ మాడ్యూలు తనంతట తానే మెమొరీలోకి రాగలదు.

చిక్కుకుపోయిన ప్రోగ్రాము, ప్రాసెస్ పట్టికలో డీ అనే అక్షరంతో కనిపిస్తుంది. అంటే అంతరాయం కలిగించడానికి వీలులేని నిద్ర. దీనికి కిల్ ఆదేశం, చివరకు 9వ సంకేతం కూడా పనిచేయదు. ఆ సంకేతాన్ని అందుకోవడానికైనా ప్రోగ్రాము మేల్కొనాలి కదా! యంత్రాన్ని తిరిగి ప్రారంభించడం ఒక్కటే మార్గం.

ధ్వని ఆగిపోతే పాట ఆగినట్లే కదా అని తేలికగా తీసుకోవడానికి లేదు. చూపు లేనివారికి తెరను చదివి వినిపించే ఆర్కా వంటి ప్రోగ్రాములు ధ్వని మీదనే ఆధారపడతాయి. తెలుగును పలికే ఈస్పీక్ స్వరం కూడా చివరకు ఈ పీసీఎం మార్గంలోనే స్పీకరును చేరుతుంది. అది స్తంభిస్తే, అటువంటి వాడుకరికి తెర మొత్తం ఆరిపోయినట్లే. ఏమి జరిగిందో చెప్పే సందేశం తెర మీద ఉన్నా అది వారికి చేరదు.

గుర్తించే సాధనాలు

2006లో ఇంగో మోల్నార్ లినక్స్‌కు లాక్‌డెప్ అనే సాధనాన్ని చేర్చాడు. ఇది కెర్నెల్ నడుస్తున్నప్పుడు ఏ తాళం తరువాత ఏ తాళం తీసుకున్నారో గుర్తుపెట్టుకొని, ఆ క్రమంలో వలయం ఏర్పడే అవకాశం కనబడగానే హెచ్చరిస్తుంది. నిజంగా ప్రతిష్టంభన జరగనక్కరలేదు. ధ్వని డ్రైవర్లలో ఎన్నో తాళాల పొరపాట్లు దీని వలన విడుదలకు ముందే దొరికాయి.

అయితే పైన చెప్పిన రెండు సీవీఈ లోపాలలోనూ ఎదురుచూపు తాళం కోసం కాదు. మొదటి దానిలో కాల్‌బ్యాక్ ముగింపు కోసం, రెండవ దానిలో అరల లెక్క సున్నా కావడం కోసం. తాళం కాని దానిని లాక్‌డెప్ తాళాల పట్టికలో చూడలేదు. కెర్నెల్‌లో 120 సెకన్లకు మించి నిద్రలో ఉన్న పనులను చూపే హెచ్చరిక ఉన్నది. కాని అది చిక్కుకున్న తరువాత చెప్పేదే గాని ముందుగా చెప్పేది కాదు. ఇటువంటి వాటిని పట్టడంలో సిజ్‌కాలర్ వంటి యాదృచ్ఛిక పరీక్షలే ఎక్కువ ఫలితాన్ని ఇచ్చాయి.

నివారణ

కెర్నెల్‌ను నవీకరించడమే ప్రధాన నివారణ. డిస్ట్రిబ్యూషన్లు పాత వెర్షను సంఖ్యను ఉంచుతూనే కొత్త దిద్దుబాట్లను వెనుకకు తెచ్చి చేరుస్తాయి గనుక, సంఖ్య 4.4.1 కన్నా తక్కువ ఉన్నంత మాత్రాన లోపం ఉన్నదని గాని, 3.10 అని కనిపించినంత మాత్రాన 2018 దిద్దుబాటు లేదని గాని చెప్పలేము. ఆయా డిస్ట్రిబ్యూషను భద్రతా ప్రకటనలలో సీవీఈ సంఖ్యను వెదకాలి. నవీకరించడానికి వీలులేని యంత్రాలలో, మిడి వాద్యాల అవసరం లేకపోతే, సీక్వెన్సరు, హెచ్‌ఆర్‌టైమర్ మాడ్యూళ్ళు మెమొరీలోకి రాకుండా నిషేధించవచ్చు. మామూలుగా పాటలు వినడానికి, వీడియోలు చూడడానికి సీక్వెన్సరు అవసరం లేదు.